ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక: ఓపీ బెంచీ మీద మళ్ళీ మళ్ళీ వినిపించే ప్రశ్నలు

నాకు బైపోలార్, అంటే కొన్నాళ్ళు మేనియా అనే అతి హుషారు, కొన్నాళ్ళు డిప్రెషన్ వచ్చే జబ్బు. ఒకసారి బాగా ముదిరి సైకియాట్రీ వార్డులో ఉండొచ్చాను, ఇప్పటికీ ఓపీకి వెళ్తూనే ఉంటాను. అక్కడ పక్కన కూర్చున్నోళ్ళు, వాళ్ళతో వచ్చిన అమ్మలు, అన్నలు, భర్తలు అడిగేవే ఇక్కడ రాశా. నేను డాక్టర్ని కాదు కాబట్టి మందుల గురించి రాసింది చదివి మీ డాక్టర్ని నాలుగు ప్రశ్నలు అడగండి, అంతేగానీ మీ చీటీ మీరే మార్చేసుకోకండి.

డిశ్చార్జ్ చేశారంటే తగ్గిపోయినట్టేనా?

కాదు, గండం దాటినట్టు. వార్డులో పెట్టేది ముఖ్యంగా మనిషికి గానీ పక్కనున్నోళ్ళకి గానీ హాని జరక్కుండా, తిండీ నిద్రా దార్లో పడేదాకా, మందు డోసు కుదిరేదాకా, అది కాగానే పంపించేస్తారు. పని మీద ధ్యాస నిలవడం, నలుగురిలో కూర్చోగలగడం, పేపర్లో ఒక వార్త చివరిదాకా చదవగలగడం, ఇవన్నీ ఇంటికొచ్చాక నెలల మీద వస్తాయి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో 98వ సెక్షన్ ఏమంటుందంటే డిశ్చార్జ్ తర్వాత వైద్యం ఎలా సాగాలో పేషెంటుతో, ఇంటివాళ్ళతో, తర్వాత చూడబోయే డాక్టర్‌తో మాట్లాడి ప్లాన్ వెయ్యాలని. నిజంగా చాలాచోట్ల జరిగేది "రెండు వారాల తర్వాత రండి" అని ఒక లైను రాసివ్వడం. అందుకే మీరే అడగాలి: జబ్బు పేరేంటి, ఏ టాబ్లెట్ దేనికి, మళ్ళీ ఎప్పుడు రావాలి, అర్ధరాత్రి తేడా వస్తే ఎక్కడికి తీసుకురావాలి. ఈ నాలుగూ కాగితం మీద రాయించుకున్నాకే ఆటో ఎక్కండి.

రోజంతా పడుకునే ఉంటున్నాడు, ఏ పనీ చెయ్యడు. బద్ధకమా?

బద్ధకం అన్న మాట మాత్రం ఇంట్లో కొన్నాళ్ళు పక్కన పెట్టేయండి ప్లీజ్. మూడు కారణాలుండొచ్చు. ఒకటి మందుల మత్తు, ఓలాంజపిన్, క్వెటియాపిన్ లాంటివి బాగా మగతగా ఉంచుతాయి, పొద్దున డోసుని రాత్రికి మార్చడం కుదురుతుందేమో డాక్టర్ని అడిగితే సగం సమస్య తీరిపోవచ్చు. రెండోది, మేనియా గానీ సైకోసిస్ (లేనివి వినిపించడం, జరగనివి జరిగాయని నమ్మడం) గానీ దిగాక వచ్చే డిప్రెషన్, అప్పటిదాకా జరిగినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి సిగ్గుతో దుప్పటి ముసుగేసుకుని పడుకుంటారు, బయటికి అది నిద్రలాగే కనిపిస్తుంది. మూడోది, స్కిజోఫ్రీనియాలో ఆ జబ్బే మనిషిలో చొరవని తినేస్తుంది, దీనికి టాబ్లెట్లు అంతగా పనిచెయ్యవు, చిన్న చిన్న పనులతో మెల్లగా లాగాల్సిందే. ఏదైనా గానీ లేచే టైము ఒకటి ఫిక్స్ చెయ్యడం, రోజుకి ఒక పని (పాల ప్యాకెట్ తేవడం, మొక్కలకి నీళ్ళు పొయ్యడం) పూర్తిగా ఆ మనిషికే వదిలెయ్యడం, వీటితో మొదలుపెట్టొచ్చు. పని వదిలెయ్యడం అంటే వెనకాల నిలబడి చూడకుండా వదిలెయ్యడం.

మొదటి కొన్ని వారాలు దేన్ని జాగ్రత్తగా చూసుకోవాలి?

ఇది మెత్తగా చెప్పలేను. సైకియాట్రీ వార్డు నుంచి వచ్చాక మొదటి వారం, మొదటి మూడు నెలలు ఆత్మహత్య ప్రమాదం మిగతా రోజుల కంటే చాలా ఎక్కువ, దేశదేశాల్లో ఇదే కనబడింది. "బాగయ్యాడు కదా" అని అందరూ ఊపిరి పీల్చుకునే టైమూ అదే. అందుకని పొలం ఉన్న ఇల్లైతే పురుగుల మందు డబ్బాలు ఇంట్లో, కొట్టంలో అస్సలు ఉంచకండి, వేరేవాళ్ళ దగ్గర తాళంలో పెట్టించండి. టాబ్లెట్లు నెలవి ఒక్కసారే తెచ్చినా చేతికి అందేలా వారానికి సరిపడా మాత్రమే పెట్టి మిగతావి ఇంకొకళ్ళు దాచండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు చాలామంది, అలా జరగదు, అడిగితే నూటికి తొంభై మంది ముఖంలో ముందు కనిపించేది "హమ్మయ్య" అన్న ఫీలింగే (ఈ తొంభై నా లెక్కలెండి, స్టడీ కాదు). అవునంటే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఆస్పత్రికి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఇరవై నాలుగ్గంటలూ, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం ఉండవు, 2022 అక్టోబర్ 10 నుంచి నడుస్తోంది. పేషెంటే చెయ్యాలని లేదు, పక్కనున్నోళ్ళు కూడా చెయ్యొచ్చు.

నేను బానే ఉన్నా కదా, మందులు ఎన్నాళ్ళు?

అందరూ అడిగేదిదే, నేనూ ఇప్పటికీ అడుగుతాను. మామూలుగా మొదటిసారి డిప్రెషన్ అయితే పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆర్నెల్లు తొమ్మిది నెలలు వాడమంటారు, మొదటిసారి సైకోసిస్ అయితే ఏడాది రెండేళ్ళు, బైపోలార్‌కి, మళ్ళీ మళ్ళీ వచ్చే స్కిజోఫ్రీనియాకి ఏళ్ళ తరబడి. బాగున్నది మందు వల్లే అయ్యుండొచ్చు, అందుకే బాగున్నప్పుడే ఆపబుద్ధేస్తుంది. ఇంకో తిరకాసు, ఆపిన మర్నాడే ఏమీ కాదు, పైగా మగత పోయి హాయిగా ఉంటుంది, వారాలు, ఒక్కోసారి నెలలు గడిచాక జబ్బు తిరిగొస్తుంది, దాంతో ఆపడానికీ రావడానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. తగ్గించాలనుకుంటే డాక్టర్‌కి చెప్పి మెల్లగా తగ్గించుకోవచ్చు, అడగడం తప్పు కాదు, కసురుకుంటే ఇంకో డాక్టర్ని చూడండి. డిప్రెషన్ మందులు అలవాటుపడిపోతాయన్నది అపోహ, కాకపోతే టక్కున ఆపితే తల తిరగడం, చిరాకు వస్తాయి. అలవాటుపడేవి క్లోనాజెపామ్, లోరాజెపామ్, అల్ప్రాజోలం లాంటి నిద్ర, ఆందోళన బిళ్ళలు, వీటిని ఎన్నాళ్ళు వాడాలో మొదట్లోనే అడగండి.

రోజూ మర్చిపోతుంటే నెలకోసారి వేసే ఇంజెక్షన్లున్నాయి. ఒక పూట మర్చిపోతే తర్వాత పూట రెండు కలిపి వేసుకోవద్దు.

లావైపోతున్నా, చేతులు వణుకుతున్నాయి, నెలసరి ఆగిపోయింది. ఇవన్నీ చెప్తే డాక్టర్ మందు ఆపేస్తారా?

చెప్పకపోతే మీరే ఆపేస్తారు, అది ఇంకా ఘోరం. ఓలాంజపిన్‌కి ఆకలి పిచ్చిగా పెరుగుతుంది, రాత్రి పదకొండింటికి కూడా అన్నం గిన్నె దగ్గరికి వెళ్తాం, బరువుతో పాటు షుగరూ కొలెస్ట్రాలూ పెరగొచ్చు కాబట్టి టెస్టులు అవసరం. రిస్పెరిడోన్‌తో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి నెలసరి ఆగొచ్చు, పెళ్ళికాని అమ్మాయిలు ఇది ఇంట్లో చెప్పలేక నలిగిపోతారు. హలోపెరిడాల్ లాంటి పాత మందులతో ఒళ్ళు బిగుసుకుపోవడం, ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరగడం ఉంటుంది, దాన్ని చూసి "మళ్ళీ మొదలైంది" అని ఇంట్లోవాళ్ళు అనుకుంటారు, నిజానికి అది మందు పని, విరుగుడు ఉంది. క్లోజపిన్ వాడేవాళ్ళకి మొదటి 18 వారాలు వారం వారం రక్తపరీక్ష, తర్వాత కూడా జ్వరం, గొంతునొప్పి వస్తే డోలోతో సరిపెట్టుకోకుండా ఆరోజే తెల్లకణాలు చూపించుకోవాలి. ఇంకోటి ఎవరూ చెప్పరు, సిగరెట్లు మానేస్తే ఓలాంజపిన్, క్లోజపిన్ రక్తంలో పెరుగుతాయి. మానడం మంచిదే, చెప్పి మానండి.

లిథియం వాడుతున్నా. ఎండాకాలం ఏమైనా తేడానా?

మన ఎండలకి చాలా తేడా. చెమటలు పట్టి ఒంట్లో నీళ్ళు తగ్గితే లిథియం రక్తంలో ఎక్కువైపోతుంది, వాంతులు విరేచనాలైనా అంతే. నీళ్ళు బాగా తాగాలి, ఉప్పు ఒకేసారి మానెయ్యొద్దు, ఉపవాసాలుంటే ముందే డాక్టర్‌కి చెప్పాలి. ఒళ్ళునొప్పులకి మెడికల్ షాపువాడిచ్చే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకోవద్దు, అవీ లెవెల్‌ని పెంచుతాయి, బీపీ మందుల్లో కూడా కొన్ని అంతే. చేతులు బాగా వణకడం, తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే ఆ డోసు ఆపి క్యాజువాలిటీకి వెళ్ళిపోండి. మామూలు రోజుల్లో కూడా లిథియం లెవెల్, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీలది) టెస్టులు ఆర్నెల్లకోసారైనా ఉండాలి.

కరెంటు షాకులిచ్చారు. మర్చిపోయినవి తిరిగొస్తాయా?

చాలావరకు వస్తాయి. ట్రీట్‌మెంట్ జరిగిన వారాలవి, దానికి కాస్త ముందువి మసకగానే ఉండిపోవచ్చు, కొందరికి కొన్ని అసలు రావు కూడా, అది దాచకుండా ముందే చెప్పాలి, చెప్పరు. సినిమాల్లో చూపించే షాకు వేరు, చట్టం ప్రకారం మత్తిచ్చి, కండరాలు సడలే మందిచ్చాకే ఈసీటీ చెయ్యాలి, అవి లేకుండా చెయ్యడం నిషేధం. మందులకి లొంగని డిప్రెషన్‌కి, తిండి మానేసి బిగుసుకుపోయినవాళ్ళకి ఇది ప్రాణాలు నిలబెడుతుంది.

నేనేం మాట్లాడినా "టాబ్లెట్ వేసుకున్నావా" అంటున్నారు. ఏం చెయ్యాలి?

నేను ఈ పేజీ రాసిందే ఈ ప్రశ్న కోసం. కూరలో ఉప్పెక్కువైందంటే టాబ్లెట్ వేసుకున్నావా, తమ్ముడితో గొడవైతే టాబ్లెట్ వేసుకున్నావా, గట్టిగా నవ్వినా అమ్మ నాన్న వైపు చూస్తుంది నాన్న క్యాలెండర్ వైపు చూస్తాడు. జబ్బు రాకముందు మనకున్న కోపం, అలక, పంతం అన్నీ ఒక్కసారిగా లక్షణాలైపోతాయి. నిజంగా అన్యాయం జరిగి అరిచినా దాన్ని ఎవరూ అన్యాయం గురించి అరుపుగా వినరు. వాళ్ళ తప్పని కూడా అనలేం, ఆ రాత్రులు వాళ్ళూ నిద్ర లేకుండా గడిపారు, గేటు తాళం వేసుకుని కాపలా కాసారు.

కానీ ఈ కాపలా ఎక్కువైతే బలపడేది మనిషి కాదు, జబ్బే. 1950లలో జార్జ్ బ్రౌన్ అనే ఆయన ఆస్పత్రుల నుంచి లండన్‌లో ఇళ్ళకి వెళ్ళిన మగ పేషెంట్లని గమనిస్తే, అమ్మానాన్నల దగ్గరికి, భార్య దగ్గరికి వెళ్ళినవాళ్ళ కంటే అన్నదమ్ముల ఇళ్ళలో, అద్దె గదుల్లో ఉన్నవాళ్ళు మెరుగ్గా నిలబడ్డారు. ఇది చూసి అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత తేలిందేంటంటే ఇంట్లో దెప్పిపొడుపులు, కోపాలు, దానితో పాటు అతి జాగ్రత్త ఎక్కువైన చోట జబ్బు త్వరగా తిరగబెడుతుందని. చండీగఢ్‌లో కూడా ఇలాగే చూశారు, 1987లో వచ్చిన ఆ లెక్కల్లో లండన్ ఇళ్ళ కంటే మన ఇళ్ళలో దెప్పడం తక్కువే (తెలుగిళ్ళకి వాళ్ళు రాలేదు మరి).

కాబట్టి ఒక ఒప్పందం పెట్టుకోండి. టాబ్లెట్ సంగతి రోజుకి ఒక్కసారే, ఒక్కళ్ళే అడగాలి, డబ్బా చూస్తే తెలిసిపోతుంది కదా, అడక్కుండా డబ్బానే చూసినా సరే. గొడవ మధ్యలో ఆ మాట ఎత్తకూడదు. అనుమానమొస్తే "నిన్న రాత్రి మూడింటిదాకా మేలుకునే ఉన్నావు" అని కంటికి కనిపించింది చెప్పాలి, "నీకు మళ్ళీ వచ్చింది" అని తీర్పు చెప్పకూడదు. ఏటీఎం కార్డు, బండి తాళాలు, ఫోన్ తీసుకుని ఉంటే ఎప్పుడు తిరిగిస్తారో తేదీ చెప్పాలి. మేనియాలో ఈఎంఐ మీద ఫోన్లు కొన్నవాళ్ళుంటారు, ఊరందరికీ అప్పులిచ్చినవాళ్ళుంటారు, కొన్నాళ్ళు కార్డు ఇంకొకళ్ళ దగ్గరుండటం సబబే, కానీ ముందు వెయ్యి రూపాయలు లిమిట్, తర్వాత ఐదు వేలు, అలా వెనక్కి రావాలి. కూతురు జీతం కార్డు ఏళ్ళ తరబడి బీరువాలో పెట్టుకుని "నీ మంచికే" అనడం వైద్యం కాదు.

మళ్ళీ వస్తోందని ముందే తెలుస్తుందా?

తెలుస్తుంది, ఎవరి గుర్తులు వాళ్ళవి. చాలామందికి మొదట తగ్గేది నిద్ర. నాకైతే మూడు గంటలు పడుకుని లేచినా హుషారుగా ఉండటం, అర్ధరాత్రి పాత ఫ్రెండ్స్‌కి వరసపెట్టి మెసేజ్‌లు పెట్టడం, ఇల్లంతా సర్దెయ్యాలనిపించడం. కొందరికి టీవీలో తన గురించే చెప్తున్నారనిపించడం, తలుపులు పదే పదే చెక్ చెయ్యడం, స్నానం మానెయ్యడం. బాగున్నప్పుడే కూర్చుని ఇవి రాసుకుని ఇంట్లో ఒకళ్ళకి, ఒక ఫ్రెండ్‌కి ఇవ్వండి, వీటిలో రెండు కనిపిస్తే ఎవరు ఏం చెయ్యాలో కూడా రాయండి. పెళ్ళిళ్ళ సీజన్లో, పరీక్షలప్పుడు, నైట్ షిఫ్ట్ మారినప్పుడు ఎక్కువ గమనించండి, అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇండియా ప్రయాణంలో రెండు రాత్రుల నిద్ర పోవడం చిన్న విషయం కాదు, టికెట్ కొన్నప్పుడే డాక్టర్‌తో మాట్లాడుకోండి.

నన్ను బలవంతంగా అడ్మిట్ చేశారు. అలా చెయ్యొచ్చా?

కొన్ని షరతులతో చెయ్యొచ్చు. ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టర్ లేదా మానసిక వైద్య నిపుణుడు విడివిడిగా చూసి హాని జరిగే పరిస్థితి ఉందని తేల్చాలి, గరిష్ఠంగా 30 రోజులు, ఆపైన ఉంచాలంటే మళ్ళీ వేరే ప్రక్రియ. మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకి చెప్పాలి, పేషెంటు కూడా ఆ బోర్డుకి ఫిర్యాదు చెయ్యొచ్చు. గొలుసులతో కట్టడం ఎక్కడైనా నేరమే.

ఇప్పుడు బాగున్నారు కాబట్టి రెండు పనులు చేసుకోండి. మీ తరఫున మాట్లాడే మనిషి పేరు తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టొచ్చు, దీన్నే నామినేటెడ్ రిప్రజెంటేటివ్ అంటారు, రక్తసంబంధీకులే అవ్వాలని లేదు. అడ్వాన్స్ డైరెక్టివ్ అని ఇంకోటుంది, మళ్ళీ జబ్బుపడితే ఎలాంటి వైద్యం కావాలి, ఏది వద్దు అని సాక్షులతో ముందే రాసిపెట్టడం, ఎమర్జెన్సీలో అది వర్తించదు గానీ మిగతా టైమ్‌లో డాక్టర్లు పట్టించుకోవాల్సిందే.

ఆత్మహత్యకి ప్రయత్నించినందుకు పోలీసు కేసవుతుందా?

ఆస్పత్రివాళ్ళు పోలీసులకి చెప్పడం ఇప్పటికీ ఉంది, వచ్చి స్టేట్‌మెంట్ తీసుకుంటారు, భయపడొద్దు. ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2017 చట్టం 115వ సెక్షన్ చెప్తోంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 కూడా 2024 జులై 1న కొత్త భారతీయ న్యాయ సంహిత రావడంతో పోయింది.

ఆఫీసులో చెప్పాలా?

నా అభిప్రాయం, టీమ్ మొత్తానికి చెప్పక్కర్లేదు, అవసరమైతే హెచ్‌ఆర్‌లో ఒక్కళ్ళకి చెప్పండి. సెలవు సర్టిఫికెట్‌లో జబ్బు పేరు లేకుండా రాయమని డాక్టర్ని అడగొచ్చు. మొదట్లో సగంపూట పని, నైట్ షిఫ్ట్ లేకుండా ఉండటం, ఈ రెండే ముఖ్యంగా అడగండి. గవర్నమెంటు ఉద్యోగంలో ఉండగా జబ్బొచ్చిందని తీసెయ్యకూడదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆ పని చెయ్యలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకి మార్చాలి. మానసిక జబ్బున్న ఒక సీఆర్పీఎఫ్ అధికారి కేసులో క్రమశిక్షణ చర్యలు పెట్టడం కూడా వివక్షే అవుతుందని సుప్రీంకోర్టు 2021 డిసెంబర్‌లో చెప్పింది.

ఇన్సూరెన్స్, సదరం సర్టిఫికెట్?

ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఉంది, 2018లో ఇన్సూరెన్స్ కంపెనీల్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కంపెనీలకి చెప్పింది కూడా. ఓపీ ఖర్చులు చాలా పాలసీల్లో రావు. పాలసీ తీసుకునేటప్పుడు జబ్బు దాచొద్దు, క్లెయిమ్ అప్పుడు ముందు వెతికేది అదే.

వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరంలో మానసిక జబ్బు కూడా ఉంది, స్వంత పనులు చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం, ఈ నాలుగూ చూసి శాతం వేస్తారు, 40 గానీ ఆపైన గానీ ఉంటే రిజర్వేషన్, పాత పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్ళకి 75 వేల మినహాయింపు వస్తాయి. తీసుకోవాలా వద్దా మీ ఇష్టం. క్యాంపు రోజున ఇస్త్రీ చొక్కా వేసుకుని గబగబా జవాబులు చెప్పేసి "బానే ఉన్నావుగా" అనిపించుకుని వచ్చినవాళ్ళని చూశాను, ఇంట్లోవాళ్ళని తీసుకెళ్ళండి, కష్టమైన రోజు ఎలా ఉంటుందో వాళ్ళని చెప్పనివ్వండి.

పెళ్ళి చేస్తే సర్దుకుంటుందంటున్నారు.

సర్దుకోదు. కొత్త ఇల్లు, నిద్రలేని రాత్రులు, టాబ్లెట్లు బాత్రూంలో దాక్కుని మింగడం, చివరికి దొరికిపోతామన్న భయంతో మానెయ్యడం, దాంతో తిరగబెట్టడం, ఈ వరస నేను ఓపీలో ఎంతమంది దగ్గర విన్నానో. పెళ్ళి వద్దనట్లేదు, జబ్బున్నవాళ్ళు హాయిగా కాపురాలు చేస్తున్నారు, చెప్పి చేసుకోండి. సంబంధం ఖాయమయ్యే ముందు, మధ్యవర్తి ద్వారా కాకుండా ఇద్దరూ కూర్చుని చెప్పుకోవాలి. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద పెళ్ళి రద్దు చెయ్యమని అడగొచ్చు. అలాగని జబ్బు పేరు చూపించి విడాకులు పుచ్చేసుకోవచ్చు అనుకునేవాళ్ళకి కూడా ఒక మాట, స్కిజోఫ్రీనియా అన్న పేరొక్కటే చాలదు, కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రత ఉందని చూపించాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది.

ఆడవాళ్ళకి ఇంకో సంగతి, సోడియం వాల్ప్రోయేట్ కడుపులో బిడ్డకి హాని చేస్తుంది, పిల్లల గురించి అనుకునే ముందే మందు మార్పించుకోవాలి, తెలిశాక భయపడి సొంతంగా ఆపొద్దు. బైపోలార్ ఉన్నవాళ్ళకి కాన్పయిన మొదటి వారాలు చాలా రిస్కు, పుట్టింట్లో రాత్రి ఒక పూట పాలు పట్టే పని ఇంకొకళ్ళు తీసుకుని బాలింతని నిద్రపోనివ్వాలి.

గుడికి, దర్గాకి తీసుకెళ్తామంటున్నారు. పెగ్గు, కల్లు పర్లేదా?

దండం పెట్టుకోండి, తాయెత్తు కట్టుకోండి, టాబ్లెట్ మానకండి. గాలి సోకిందని కొట్టేచోట, కట్టేసేచోట మాత్రం వదిలి రావద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది అగ్నిప్రమాదంలో తప్పించుకోలేక చనిపోయారు. ఇక మద్యం మత్తు, టాబ్లెట్ల మత్తు కలిస్తే మనిషి ప్రాణం మీదికి రావొచ్చు. కల్తీ కల్లు ఇంకా దారుణం, అందులో అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటివే కలుపుతారు, అవి మీ చీటీలో ఉన్నవాటి మీద పడతాయి. గంజాయి అయితే సైకోసిస్ వచ్చినవాళ్ళకి అస్సలు వద్దు.

చుట్టాలకి ఏం చెప్పాలి?

ఇంట్లో అందరూ ఒకే మాట చెప్పేలా చూసుకోండి, అమ్మ "టైఫాయిడ్" అని, నాన్న "ఆఫీసు టూర్" అని చెప్తే దొరికిపోతారు. "ఆరోగ్యం బాలేక ఆస్పత్రిలో ఉన్నాడు, ఇప్పుడు మందులు వాడుతున్నాడు" అంటే అబద్ధమూ కాదు, అన్నీ చెప్పినట్టూ కాదు. జబ్బు వివరాలు ఎవరికి చెప్పాలో పేషెంటు నిర్ణయం. ఎవరైనా ఎర్రగడ్డ (హైదరాబాద్ మానసిక ఆస్పత్రి) జోకులేస్తే నేనైతే మర్యాదగా "అక్కడ ఓపీ పొద్దున్నే మొదలవుతుందన్నయ్యా, చీటీకి త్వరగా వెళ్ళాలి" అంటాను.

ఏ కాగితాలు దాచుకోవాలి?

డిశ్చార్జ్ సమ్మరీ, ప్రతి చీటీ, రక్తపరీక్షలు, పడని మందుల పేర్లు ఒక ఫైల్లో, ఫోటోలు తీసి ఫోన్లో కూడా. పాత రికార్డు పోతే ఆస్పత్రిని అడిగి తీసుకునే హక్కు చట్టంలో ఉంది. డాక్టర్ మారినా, ఊరు మారినా ఆ ఫైలు తీసుకెళ్తే పనిచెయ్యని మందుని మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టరు. గవర్నమెంటు ఓపీల్లో మందులు ఫ్రీగా ఇస్తారు, స్టాక్ లేదంటే జన్ ఔషధి షాపులో అదే మందు తక్కువకి దొరుకుతుందేమో చూడండి, చీటీ మాత్రం కావాలి.